మిగులు కింద రాసిన మూడు రోజులు

రెండో రోజు మధ్యాహ్నమైనా మా వాకిట్లో ఒక్క కట్టెపుల్ల పడలేదు.

చావు జరిగిన ఇంటికి ఆడవాళ్లు నెత్తిన కట్టెలమోపుతో, చంకన మొక్కజొన్న పిండి బేసిన్‌తో రావాలి. పొయ్యి వాళ్లే రాజెయ్యాలి. ఏడుపు వాళ్లే ఎత్తుకోవాలి. మా మామయ్య పేరు సాండిఫోలో. నిన్న తెల్లవారుతూనే పొలంలో గుద్దలి పట్టుకునే కూలిపోయాడు. పక్షవాతం. ఇప్పుడు లోపల చాప మీద శవమై ఉన్నాడు. అమ్మ ఒక్కతే తల దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నడుముకి చుట్టుకునే చితెంజె గుడ్డ కొసతో ఈగలు తోలుతోంది.

జనవరి. వాన వెలిశాక కాసే ఎండ. సాయంత్రంలోగా గొయ్యి పడకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

"నువ్వెందుకొచ్చావక్కా?" అన్నాడు తమ్ముడు లమెక్. నేను రాజధాని లిలాంగ్వే నుంచి మినీబస్సు దిగి గంటైనా కాలేదు. "ఊరూరూ తిరగొద్దని మీ ఆఫీసే కదా రేడియోలో చెప్తోంది."

"లమెక్, ఇప్పుడు కాదు."

"ఇంకెప్పుడు? తెల్లారి లేచి పన్నెండిళ్లు తిరిగాను. 'మీ తాడు మీ దగ్గరుందిగా, దాంతో దించుకోండి' అన్నారు. ఒకావిడైతే నవ్వింది. చావు కబురు చెప్తుంటే నవ్వింది."

"ఎవరు?"

"పేరు చెప్తే ఏం చేస్తావు? పట్టికలో వేస్తావా?"

లోపల్నుంచి అమ్మ దగ్గింది. 

వాడి కోపంలో అన్యాయం లేదు. పోయిన ఏడాది జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు ఏ నియమం పెడితే ఎంత ఖర్చు, ఎన్ని ప్రాణాలు దక్కుతాయి అని కమిటీకి పట్టిక వేసిన నలుగురిలో నేనొకదాన్ని. బడులు మూస్తే ఖర్చు. సంతలు మూస్తే అంతకన్నా ఖర్చు. మాలాంటి దేశానికి ఏదీ అందే ధరలో లేదు. ఒక్క వరసలో మాత్రం ఖర్చు గడి ఖాళీ. అంత్యక్రియలకు యాభై మందికి మించకూడదన్న వరస. ఆ గడి పక్కన నేనే రాశాను: పల్లెలో ఒక్కో మనిషికి చావుల వల్ల నెలకు మూడు రోజుల పని పోతోంది, ఈ నియమంతో ఆ మూడు రోజులూ మిగులు.

మా ఆరోగ్య శాఖ ఆఫీసు పెద్ద, డాక్టర్ లుహాంగా, అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ సంగతి మామయ్యకు ఫోన్లో చెప్పాను. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కదాన్నే. పొగాకు పండించి, బేళ్లు అమ్మి, నన్ను అంతవరకూ తీసుకెళ్లింది ఆయన. మెచ్చుకుంటే ఎవరికి చెప్పుకుంటాను?

చెప్పకపోతే బాగుండేది.

పోలీసులు మా ఊరికి రాలేదు. మామయ్యే శ్మశానం దారికి అడ్డంగా తాడు కట్టాడు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టి లోపలికి వదిలేవాడు. యాభై కాగానే తాడు పైకెత్తి పట్టుకుని, "మా అలేఫా వేసిన లెక్క ఇది, నెలకి మూడు రోజులు మీకే మిగుల్తాయి, ఇళ్లకెళ్లండి" అనేవాడు. పదకొండు ఇళ్లకు అలా కట్టాడు. వెనక్కి తిరిగిన ఆడవాళ్లు పిండి బేసిన్లతోనే వెనక్కి వెళ్లిపోయారు. అమ్మ ఒక్క చావుకూ వెళ్లలేదు. "నా చోటు ఇంకొకళ్లకి రానీ" అని గుమ్మంలోనే కూర్చుంది. అది పెద్దమనసు అనుకుంది పిచ్చిది. ఊరు వేరేగా అనుకుంది.

"వస్తున్నారు," అన్నాడు లమెక్.

నలుగురు వస్తున్నారు, భుజాల మీద గుద్దళ్లతో. ముందు జైలోసీ.

గొయ్యి తవ్వేవాళ్లను మా దగ్గర అద్జుకులు అంటారు. ఇంటివాళ్లు తవ్వకూడదు. వేరే వంశంవాళ్లే తవ్వాలి. మిగతా రోజుల్లో ఊరు చీఫ్ మాట వింటుంది. చావు రోజున చీఫ్ కూడా అద్జుకుల మాట వింటాడు. జైలోసీ వాళ్ల పెద్ద. రెల్లు దడి అవతలే ఆగిపోయాడు.

"మేడం గారు వచ్చారా? యాభైలోనే ఉన్నారా, యాభై దాటారా?"

"బాబాయ్, తప్పుంటే నన్నను. ఆయన లోపల అలా పడి ఉన్నాడు."

"పడి ఉన్నాడనే వచ్చాం. నిలబడి ఉంటే వచ్చేవాళ్లమా?" వెనకున్న ముగ్గురూ నవ్వారు. అతను నవ్వలేదు.

"మేక ఇస్తాం," అన్నాడు లమెక్. "రెండిస్తాం."

"మేక రేపటికి అరిగిపోతుందిరా." నా వైపు తిరిగాడు. "పొద్దున రేడియో విన్నాను. రోగం మళ్లీ లేచిందట, యాభై మళ్లీ వస్తోందట. నిజమేనా?"

"ఇవాళ నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది."

"కాగితం ఎవరిది?"

 కాగితం నా సంచిలోనే ఉంది.

"నీదే కదా. ఆ వరస కొట్టెయ్. మా ముందే ఫోన్ చెయ్. మేం వినాలి. నువ్వు కొట్టేసిన గంటకి గొయ్యి తయారు."

"అలా నాకు నేను కొట్టేస్తే సరిపోదు బాబాయ్..."

"చెయ్యవే," అంది అమ్మ లోపల్నుంచి. నేను వచ్చాక ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

ఇంటి పక్కనున్న నిలువెత్తు చెదల పుట్ట మీదికి ఎక్కితేగానీ సిగ్నల్ రాదు. ఎక్కాను. కింద నలుగురూ, లమెక్, దడి అవతల అప్పుడే పోగవుతున్న పదిమంది. స్పీకరు పెట్టాను.

"అలేఫా, మీ మామయ్యగారి సంగతి తెలిసింది. చాలా బాధపడ్డాను." డాక్టర్ లుహాంగాది ఎప్పుడూ ఒకే గొంతు. "పట్టిక ఇంకా రాలేదే?"

"సర్, అంత్యక్రియల వరస తీసెయ్యమని చెప్పడానికి చేశాను."

"ఎందుకు? అంకె తప్పనా, మీ ఇంట్లో చావొచ్చిందనా?"

దడి అవతల గుసగుసలు ఆగిపోయాయి.

"అంకె తప్పు కాదు సర్. రాసిన చోటు తప్పు. మూడు రోజుల పని పోతోందని రాశాం. ఆ మూడు రోజులూ పెట్టి ఇక్కడివాళ్లు ఏం కొనుక్కుంటున్నారో రాయలేదు."

"ఏం కొనుక్కుంటున్నారు?"

"పిండి. కట్టెలు. మొగుడు పోయినదానికి పొలంలో సాయం. రోగం వస్తే ఆసుపత్రికి మోసుకెళ్లే నాలుగు భుజాలు. ఇక్కడ ఇంకే బీమా లేదు సర్. ఇదే."

"బాగుంది. ఎంత?"

"సర్?"

"ఎంతో చెప్పండి. బడులవాళ్లు ఎంతో చెప్పారు. సంతలవాళ్లు చెప్పారు. ఆక్సిజన్ సిలిండర్ల వాళ్లు పైసలతో సహా చెప్పారు. మీరు ఏడుపు గొంతుతో చెప్తే నేను మంత్రిగారి ముందు ఏం పెట్టను? నాలుగింటికల్లా అంకె పంపండి. అంకె లేకపోతే వరస అలాగే ఉంటుంది."

ఫోన్ పెట్టేశాడు.

"మర్యాదస్తుడే," అన్నాడు జైలోసీ. "అరవలేదు. మన గొంతు కోస్తూ కూడా అరవలేదు." గుద్దలి నేలకి ఆనించాడు. "అయితే ఏంటి, మా ఊరి అంకె కావాలన్నమాట. అది ఏ కొట్లో దొరుకుతుందో?"

"పదకొండు ఇళ్లలో ఉంది," అంది అమ్మ.

గుమ్మంలోకి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చితెంజె నడుముకి బిగించి కట్టుకుంటోంది.

"నేను ఏడవని ఇళ్లు పదకొండు. ఎలాగూ బాకీయే. నేను ఏడుస్తాను. నువ్వు పుస్తకం పట్టుకుని వెనకాల రా."

"శవాన్ని వదిలేసా?" అరిచాడు లమెక్. "అమ్మా, నీకేమన్నా పిచ్చా?"

"నువ్వున్నావుగా. కూర్చుని ఈగలు తోలు."

వదిలేసి వెళ్లింది. మా దగ్గర ఏ ఆడదీ సొంత తమ్ముడి శవం ఇంట్లో ఉండగా గడప దాటదు. అమ్మ దాటింది.

మొదటి ఇల్లు డోరికా పిన్నిది. ఆమె భర్త పోయిన జూలైలో పోయాడు. వాకిట్లో రోట్లో మొక్కజొన్న దంచుతోంది. అమ్మ వెళ్లి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఆయన పేరు పెట్టి శోకం ఎత్తుకుంది. గొంతు రాలేదు, గాలి వచ్చింది. డోరికా రోకలి ఆపలేదు.

"ఆరు నెలలకి వచ్చిందా జెలిఫా, ఏడుపు?"

"వచ్చింది."

"నీ తమ్ముడి కోసం ఏడుస్తూ నా మొగుడి పేరు చెప్తున్నావేమో."

"రెండూ కలిసే వస్తున్నాయి డోరికా. విడదీయడం నాకు చేతకావడం లేదు."

రోకలి రెండు పోట్లు వేసి ఆగింది.

"పిన్నీ," అన్నాను, "ఆ చావు తర్వాత మీ ఇంట్లో ఏమేం పోయిందో చెప్తావా?"

"రాసుకుంటావా? మళ్లీ మిగులు కిందేనా?"

"ఖర్చు కింద."

నన్ను పైనుంచి కిందికి చూసింది. నా బూట్లు చూసింది. రోకలి పక్కన పెట్టింది.

"చావుకి పిండి మన ఇంట్లోది కాదుగా ఎప్పుడూ, ఊరిది. మీ మామ వెనక్కి పంపిన బేసిన్లు నేను ఇక్కణ్నుంచి చూశాను, ఒకటీ ఒకటీ వెళ్లిపోతుంటే. లోపలికి వచ్చిన యాభై మందికి పెట్టడానికి రెండు మేకలు అమ్మాను. తర్వాత వానలు పడ్డాయి. నా చేలో బోదెలు వెయ్యడానికి ఒక్క పురుగు రాలేదు. ఎందుకొస్తారు? నా మొగుడి మీద పిడికెడు మట్టి వెయ్యనివ్వలేదు వాళ్లని. నా చేలో మట్టి తవ్వడానికి ఏ మొహంతో పిలవను? సగం చేను బీడు. చూసుకో, అదిగో."

చూశాను. మోకాలెత్తు మొక్కజొన్న, పక్కనే గడ్డి.

"మనవడికి చేతికి పట్టీ చుట్టి కొలిచింది నర్సు. ఎర్ర రంగు దగ్గర ఆగిందట. నాకా రంగులు తెలీవు. నీకు తెలుసా?"

తెలుసు. ఎరుపంటే తిండి చాలక బాగా చిక్కిపోయాడని. ఎర్ర పట్టీ పిల్లవాడికి మా ఆఫీసులో ఆరోగ్యంగా బతకాల్సిన ఏళ్లు ఎన్ని పోయినట్టు రాస్తామో నాకు కంఠతా వచ్చు. రాశాను.

"ఎంతొచ్చింది?" అంది డోరికా.

"ఇంకా కూడలేదు పిన్నీ."

"కూడాక చెప్పు. ఎంత పోయిందో నాకూ తెలీదు."

ఆ మాటకి అమ్మ మళ్లీ ఏడ్చింది. ఈసారి ఏ పేరూ పెట్టలేదు.

నాలుగో ఇంట్లో తలుపు తియ్యలేదు. అమ్మ మూసిన తలుపు ముందే కూర్చుని చెయ్యాల్సిన శోకమంతా చేసి లేచింది. లేచేటప్పుడు లోపల్నుంచి ఒక చెయ్యి కిటికీలోంచి నీళ్ల చెంబు అందించింది. మొహం కనపడలేదు. ఏడో ఇంట్లో కోడలికి నెలలు నిండి నొప్పులొస్తే సైకిల్ మీద కట్టి తొయ్యడానికి మనిషి దొరకలేదట. బిడ్డ దక్కలేదు. ఆ కోడలే చెప్పింది, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు. చివర్లో "మీ మామ మంచోడే, నాకు చెప్పులు కొన్నాడొకసారి" అంది.

పదో ఇల్లు దాటేసరికి పుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. నడుస్తూనే కూడాను. యాభై నియమం వల్ల మా ఊళ్లో దక్కి ఉండొచ్చని మా పట్టిక చెప్పిన ఏళ్లు ఒక పక్క. ఈ పది ఇళ్లలో పోయిన ఏళ్లు ఇంకో పక్క. పోయినవి మూడింతలు. ఒక్క ఊరి పది ఇళ్లు దేశం కాదు. అయినా ఆ వరస కొట్టెయ్యడానికి చాలు.

లోపల సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మామయ్య శవం ఇంట్లో ఉంది, చేతిలో పుస్తకంలో ఎర్ర పట్టీ పిల్లాడు, పోయిన బిడ్డ. నాకు మాత్రం లెక్క కుదిరిందని సంతోషం.

జైలోసీ మా వెనకే వస్తున్నాడు, పదడుగుల దూరంలో.

"పది చాలు," అన్నాడు. "పద. ఎండ చూడు, మూడు దాటింది."

"ఇంకో ఇల్లుంది బాబాయ్."

"అక్కడేం లేదు. ఫలెస్ ఇల్లది. ఆ పిల్లకి బుర్ర సరిగా లేదు."

అమ్మ అప్పటికే అటు తిరిగింది.

ఫలెస్‌కి పాతికేళ్లుంటాయి. గుమ్మంలో చిక్కుడు గింజలు ఏరుతోంది. మమ్మల్ని చూసి కూర్చునే ఉంది. వెనక జైలోసీని చూసి లేచింది.

"ఆయన్ని బయటే ఉండమనండి."

అతను బయటే ఉండిపోయాడు, ఎదురు చెప్పకుండా. అది నాకు వింతగా అనిపించింది.

అమ్మ మోకాళ్ల మీద కూర్చోబోయింది. ఫలెస్ భుజం పట్టుకుని ఆపింది. "మా మావ కోసం, మా ఆయన నాన్న కోసం, ఏడవక్కర్లేదత్తా. ఆయన చావుకి ఊరంతా వచ్చింది. ఏ లోటూ జరగలేదు."

"మామయ్య తాడు కట్టాడు కదా?" అన్నాను.

"కట్టాడు. తెంపేశారు." దడి అవతలున్న జైలోసీ వైపు చూసింది. "కత్తి పెట్టి కోసి, 'మా మనిషిని మేం పూడ్చుకుంటాం, నీ మేనకోడలి కాగితంలో చుట్టి కాదు' అన్నాడు. అందరూ ఈలలు వేశారు. నేనూ వేశాను. మీ మామ తెగిన ముక్క చుట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. మూడొందల మంది. రెండు రోజులు ఈ వాకిట్లోనే పాటలు. ఎంత బాగా జరిగిందో."

గింజలు చేటలోంచి చేటలోకి పోసింది.

"పదో రోజున మా ఆయన. తర్వాత మా అత్త. ఇద్దరికీ వండిపెట్టడానికి వచ్చిన మా అక్క. మూడు. ఈ మూడింటికీ ఎవరూ రాలేదు, భయం. యాభై కాదు, తొమ్మిది మంది." నా పుస్తకం వైపు చూసింది. "అందరిళ్లలో అడిగి రాస్తున్నావట. ఆ తాడు తెగకుండా ఉంటే బాగుండేదని నేను రోజూ అనుకుంటాను. నన్ను ఏ గడిలో రాస్తావు?"

నేను అమ్మ వైపు తిరిగాను. "నీకు తెలుసా ఇది?"

"తెలుసు. మీ మామే చెప్పొద్దన్నాడు. 'దాని నియమం సొంత ఊళ్లోనే ఓడిపోయిందని తెలిస్తే దానికి చిన్నతనంగా ఉంటుంది' అన్నాడు."

బయటికి వచ్చాం. జైలోసీ దడి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"జబ్బు ఆ చావులోంచే వచ్చిందని ఎవరు చూశారు?" అన్నాడు. "సంతలోంచి రాలేదా? బస్సులోంచి రాలేదా?"

"రావొచ్చు. నాకు తెలీదు."

"తెలీనిది ఎందుకు రాయడం?"

"డోరికా పిన్ని చేను తాడు వల్లే బీడు పడిందని నేను చూశానా బాబాయ్? ఆవిడ చెప్పింది, నమ్మి రాశాను. నువ్వు పక్కనే ఉండి తల ఊపావు. ఇదీ అంతే."

"ఇది రాస్తే ఆ వరస ఉంటుందా, పోతుందా?"

"మూడు ప్రాణాలు బాబాయ్. ఉంటుంది."

 అతను గొంతు తగ్గించాడు. "అయితే గొయ్యి లేదు. ఆలోచించుకో."

అమ్మ నా మొహం వైపు చూడలేదు. నేలవైపు చూస్తూ నిలబడింది. రాయొద్దని అనలేదు. రాయమని అనలేదు. అనుంటే ఏదో ఒకటి తేలికయ్యేది.

దడికి పుస్తకం ఆనించి మూడు పేర్లూ రాశాను.

ఇంటికి వచ్చి పుట్ట ఎక్కి మళ్లీ కూడాను. పదకొండు ఇళ్లతో లెక్క ఇలా తేలింది: నియమం ఉంచవచ్చు, కానీ అది ఉచితం కాదు. చావు జరిగిన ప్రతి ఇంటికీ రెండు బస్తాల పిండి, ఒక చేనుకి సరిపడా కూలి సర్కారు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ నియమం కాపాడేదానికన్నా పోగొట్టేదే ఎక్కువ. ఈ రెండు ముక్కలూ కలిపి ఒకే వాక్యంగా రాసి పంపాను. నాలుగుకి పది నిమిషాలు.

ఎవరూ కదల్లేదు. జైలోసీ మనుషులు దడి నీడలో కూర్చున్నారు. లమెక్ గుమ్మంలో. లోపల్నుంచి వాసన మొదలైంది. అందరికీ తెలుస్తోంది, ఎవరూ ముక్కు మూసుకోలేదు.

నాలుగున్నరకి ఫోన్ వచ్చింది.

"స్పీకరు," అన్నాడు జైలోసీ.

"మంచి పని చేశారు అలేఫా," అన్నాడు డాక్టర్ లుహాంగా. "ఇంత దుఃఖంలో కూడా. వరస ఉంచారు. మీ ఊరి మూడు చావుల సంగతి మంత్రిగారిని బాగా కదిలించింది. పిండి, కూలి ముక్క మాత్రం ఈ ఏడు బడ్జెట్‌లో లేదు. అది తీసేశారు."

"సర్, ఆ ముక్క తీసేస్తే లెక్క తిరగబడుతుంది."

"తెలుసు."

"తెలిసి కూడా..."

"నాకు తెలుసు అలేఫా. రెండుసార్లు చెప్పాను లోపల. రేపు పొద్దుట్నుంచి అమలు. మీ మామయ్యగారి కార్యక్రమం సక్రమంగా జరిపించండి."

మొదట నవ్వింది లమెక్. కళ్లలో నీళ్లతో నవ్వాడు. "పదకొండిళ్లూ తిరిగి తిరిగి, ఆ తాడు నువ్వే మళ్లీ కట్టొచ్చావక్కా. ఈసారి పిండి కూడా లేకుండా."



జైలోసీ లేచాడు. గుద్దలి భుజాన వేసుకున్నాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను.

"నా పేరు రాశావా అందులో?"

"పేర్లు పంపం బాబాయ్."

"పంపాల్సింది." ఉమ్మేశాడు. "మీ మామ కూడా ఆ రోజు తాడు కోసినోడెవడో చీఫ్‌కి చెప్పలేదు. చెప్పి ఉంటే నా దగ్గర ఆవు జరిమానా లాగేవాళ్లు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకు తెలీదు." తన మనుషుల వైపు తిరిగాడు. "లేవండ్రా. తవ్వుదాం."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని లేచారు.

"బాబాయ్..." అన్నాను. 

"ఆగు. గొయ్యి గంట పని. చీకటి పడేలోగా అయిపోద్ది. మనుషుల సంగతి తేలాలి. నియమం రేపట్నుంచి కదా? ఇవాళ ఊరంతా వచ్చినా అడిగేవాడు లేడు. నేను కేకేస్తే వస్తారు, పిండితో వస్తారు. మీ అమ్మ పదకొండిళ్లూ తిరగడం అందరూ చూశారు, కరిగారు. నాలుగొందల మంది వస్తారు. కేకెయ్యమంటావా? తాడు కట్టమంటావా?"

"నన్నెందుకు అడుగుతావు?"

"దేశానికి చెప్పావుగా. ఇంటికి చెప్పలేవా?"

వెటకారం కాదది. నిజంగానే అడుగుతున్నాడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. బురద మోకాళ్ల దాకా ఎండి అట్టలు కట్టింది. "అందరినీ పిలువు జైలోసీ," అంది. "వాడు ఊరందరినీ లెక్కపెట్టాడు. ఊరంతా వాణ్ని చూడాలి. నా తమ్ముణ్ని నేను దిక్కులేనోడిలా పంపను."

జైలోసీ ఆవిడ వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నాడు.

నాలుగొందల మంది వస్తే నా దగ్గరున్న అంకె ప్రకారం ఏమవుతుందో నాకు తెలుసు. యాభై మందే వస్తే వచ్చే వానలకి అమ్మ చేను ఏమవుతుందో కూడా తెలుసు. మధ్యాహ్నం అంతా అవే రాశాను.

"యాభై," అన్నాను.

"వినపడలా."

"యాభై మంది బాబాయ్."

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చితెంజె కొంగు ముడి విప్పి, దులిపి, మళ్లీ కట్టుకుంది.

"సరే. అయితే ఆ యాభైలో నన్ను లెక్కపెట్టకు."

వెనక్కి తిరిగి శవం ఉన్న గదిలోకి వెళ్లింది. తలుపు మూసింది. లోపల గడియ పెట్టిన చప్పుడు మా అందరికీ వినపడింది.